దీపాల మీద నల్ల టేపు

బ్రేకు మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. డ్రైవింగ్ నేర్పే బండిలో గురువుగారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆపదలో ఆదుకోవడానికి. మాస్టారు దాన్ని ఆపద వచ్చేదాకా ఆగనిచ్చేవాడు కాదు. పిల్లి కనిపిస్తే తొక్కేవాడు. పిల్లి దాటిపోయాక అది గుర్తొచ్చినా తొక్కేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరి బండెక్కినా రెండు చేతులూ ముందుకు చాపుకునే కూర్చుంటారు. ఫలానా బడిలో చదివారని దాన్నిబట్టే జనం పోల్చుకునేవారు.

బండి దిగితే ఆయనంత మర్యాదస్తుడు లేడు. "దయచేయండి, మీ ఓపిక" అంటూ తలుపు తానే తీసేవాడు. సీటు బెల్టు క్లిక్కుమందంటే చాలు, బ్యాంకు మేనేజరైనా డాక్టరమ్మైనా "నువ్వు" అయిపోయేవారు. సొంత వదినగారికీ మినహాయింపు లేదు. ఇంట్లో "మీరు కాస్త మజ్జిగ పోయండి వదినా" అన్న నోటితోనే బండిలో "నీకు కుడి ఎడమలు ఎవరు నేర్పారు?" అనేవాడు.

ఒకప్పుడు ఆయన షెడ్డులో మెకానిక్కే. కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ చాలా ఏళ్ళు గడిపాడు. బోర్డు కట్టి తెల్ల చొక్కా తొడిగిన రోజు నుంచి మాత్రం బానెట్ జోలికి పోలేదు. ఎత్తితే మెకానిక్కు, ఎత్తకపోతే మాస్టారు. ఆ తేడా నిలబెట్టుకోవడానికి ఆయన పడ్డ శ్రమలో సగం బండి మీద పెట్టి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఆయన విద్యకు మూలసూత్రం ఒకటుంది. "లోపలి దీపాలు చూసేవాడు బయటి గోడ చూడడు." స్టీరింగు ముందు పలక మీద ఎర్రగా, పచ్చగా వెలిగే గుర్తుల గురించి ఆ మాట. తలుపు సరిగా పడలేదని చెప్పే దీపాన్ని చూస్తూ "ఇదేమిటండీ?" అని అడుగుతూనే ఒక కాలేజీ పంతులమ్మ బండిని కాలిబాట ఎక్కించేసింది. ఆ సాయంత్రమే మాస్టారు నల్ల టేపు తెచ్చి వేగం చూపే ముల్లు ఒక్కటి వదిలి మిగతా వరసంతా మూసేశాడు. బ్యాటరీ దీపం, ఆయిలు దీపం, ఇంజను వేడి చూపే ముల్లు, అన్నీ చీకట్లోకి పోయాయి. ఆ పని మీద ఆయనకు ఎంత గర్వమంటే, చూడవచ్చినవాళ్ళకు ముందు టేపు చూపించి తర్వాత బండి చూపించేవాడు.

కొన్నాళ్ళుగా ఆ బండి బయలుదేరేటప్పుడు కీచుమనేది, తోక తొక్కిన ఎలుకలా. మాస్టారు దానికి వెంటనే మందు కనిపెట్టాడు. అప్పుడు స్టీరింగు ముందు ఎవరుంటే తప్పు వాళ్ళది. "క్లచ్ మీద కాలేసుకుని కునుకు తీస్తున్నావా?" అనేవాడు. తన బండికి జలుబు కూడా చేయదని ఆయన నమ్మకం. నేర్చుకునేవాళ్ళ కాళ్ళకే సకల రోగాలూను.

వదినగారి కాలు అన్నిటికంటే పెద్ద రోగి. ఆవిడకు ఈ చదువు సరదా కోసం వచ్చింది కాదు. ఆవిడ భర్త, అంటే మాస్టారి అన్న, బడి పిల్లల వ్యాను నడిపేవాడు. ఒక కంటి చూపు మందగించి దిగిపోవలసి వచ్చింది. మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా లైసెన్సు తెచ్చుకుంటే ఆ సీటు మీకే ఉంచుతామని బడివాళ్ళు అన్నారు గానీ, ఎన్నాళ్ళని ఉంచుతారు? ఈ సాయంత్రానికి పాసయినట్టు చూపించకపోతే రేపు వేరేవాళ్ళు వస్తారని కబురు పంపారు. వదినగారు అప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ మైదానంలో గుంజల మధ్య బండిని వెనక్కి తిప్పే చోటే, స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోయి. చేతుల్లో సత్తువ లేదని మాస్టారు తీర్పు చెప్పాడు. నిండు గ్యాస్ సిలిండరును ఒంటి చేత్తో మెట్లెక్కించే మనిషి ఆ తీర్పు విని తన చేతులకేసి చూసుకుంది.

ఇక మూడోసారి. పొద్దున్నే పరీక్ష మైదానానికి బయలుదేరారు. వదినగారు నడుపుతోంది. మాస్టారు పక్కన కూర్చుని పిల్లుల కోసం వెతుకుతున్నాడు. ఇళ్ళు దాటి పెద్ద రోడ్డెక్కేదాకా బండి కీచు ఆగలేదు, ఆయన క్లచ్ పురాణమూ ఆగలేదు. విని విని ఆవిడ ఎడమ కాలు ఎత్తి సీటు అంచుకు ఆనించి పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే బానెట్ కింద తడి గుడ్డతో కొట్టినట్టు టప్పున ఏదో చప్పుడైంది. కీచు ఆగిపోయింది.

మాస్టారి మొహం వెలిగింది. "చూశావా, కాలు తీయగానే ఎలా నోరు మూసిందో" అన్నాడు. ఆయన వదినగారిని మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ మెప్పు రోడ్డు మలుపు దాకా కూడా నిలవలేదు. స్టీరింగు బండరాయి అయిపోయింది. వదినగారు భుజాలు పెట్టి తోసినట్టు తిప్పింది. పొద్దున్న తిన్నావా లేదా అని మాస్టారు విసుక్కున్నాడు. ఏదో వేడి వాసన వస్తోందని ఆవిడ అంటే, లోకంలో వాసనలకేం కరువు, రోడ్డు చూడమన్నాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచి ఎదుటి రోడ్డు కనపడకుండా పోయాక మాత్రం ఆయన చూడడానికి ఏమీ మిగల్లేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బండి అలవాటు కొద్దీ పక్కకు దొర్లి నిలబడింది.

మాస్టారు కూర్చున్న చోటి నుంచే రోగాలు చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పెట్రోల్లో నలక అన్నాడు. తర్వాత రెండో గేరులో అంతసేపు లాగితే ఏ ఇంజనైనా ఉడికిపోతుందన్నాడు. మూడో గేరులోనే ఉన్నామని వదినగారు గేరు కర్ర చూపించింది. అయితే మూడో గేరులో అంత మెల్లగా ఎందుకు పోయావన్నాడు.

ఆవిడ చేయి చాచి గోటితో టేపు అంచు పట్టి చివరిదాకా ఒలిచేసింది, అరటి తొక్క తీసినట్టు. వేడి చూపే ముల్లు ఎర్ర గీతలు దాటి ఇక పోవడానికి చోటు లేక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పక్కనే బ్యాటరీ దీపం ఎర్రగా వెలుగుతోంది.

"పాపం, ఎప్పట్నుంచి పిలుస్తోందో" అంది వదినగారు.

మాస్టారు దిగాడు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, జేబు రుమాలుతో కొక్కెం పట్టుకుని, ఎన్నేళ్ళకో బానెట్ ఎత్తాడు. ఆవిరి తగ్గేదాకా ఆగి వంగి చూశాడు. చూడగానే తెలిసిపోయింది. పాత విద్య ఎక్కడికీ పోదు, పిలిస్తే పలుకుతుంది. ఇంజను పక్కన తిరిగే పుల్లీ ఒరిగిపోయి ఉంది. దాని లోపలి చక్రానికీ బయటి రింగుకూ మధ్య పట్టుండే రబ్బరు ఎండి, పగిలి, ఊడిపోయింది. బెల్టు జారి పేగులా వేలాడుతోంది. బ్యాటరీకి ప్రాణం, స్టీరింగుకు బలం, ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పే పంపుకు కదలిక, అన్నీ ఆ బెల్టు పుణ్యమే. ఇన్నాళ్ళ కీచు ఆ రింగు జారుతున్న గోల. మైదానంలో స్టీరింగు రెండుసార్లు బిగుసుకుపోయిందీ అందుకే. ఈ లెక్క తేలడానికి ఆయనకు చిటికె పట్టింది. నోట్లోంచి రావడానికే దారి దొరకలేదు.

వదినగారు కొంగు నడుముకు దోపి వచ్చి పక్కన నిలబడింది.

"ఒక్క మాట చెప్పండి మరిదిగారూ. నా కాలిదా, బండిదా? నా కాలిదైతే ఇక్కణ్ణించే బస్సెక్కి ఇంటికి పోతాను. ఇక స్టీరింగు ముట్టుకోను. ఆ సీటు వేరేవాళ్ళకిచ్చేయమని చెప్పేస్తాను."

మాస్టారు బెల్టు కేసి చూశాడు. బెల్టు ఆయన కేసి చూసింది. "రెండూ... సగం సగం" అన్నాడు.

అంతలో ఒక బండి వచ్చి ఆగింది. ఎదురు వీధి మాస్టారిది. ఏసీ వేసి, పాటలు పెట్టి డ్రైవింగ్ నేర్పే కుర్రాడు. వాడి బండిని బ్రేకు మాస్టారు "పెళ్ళి పందిరి" అని వెక్కిరించేవాడు. వాడూ అదే మైదానానికి, తన శిష్యుణ్ణి తీసుకుని పోతున్నాడు.

"ఏమైంది మాస్టారూ? అమ్మగారు క్లచ్ కాల్చేశారా?" అన్నాడు తల బయటపెట్టి.

బ్రేకు మాస్టారికి ఇంతకంటే చక్కటి తలుపు ఎవరూ తెరవరు. ఊఁ అంటే చాలు, పరువు దక్కుతుంది. కానీ క్లచ్ కాల్చిందన్న పేరొచ్చిన మనిషి చేతికి తన బండి ఇచ్చే వెర్రివాడు ఎవడు? ఆ సంగతి ఆయనకు తెలుసు. వదినగారికీ తెలుసు. ఆవిడ ఆయన మొహం కేసే చూస్తోంది. నెల రోజుల కింద ఒలవాల్సిన టేపు అప్పుడు ఒలిచినట్టు, కాస్త చర్మంతో సహా ఊడింది ఆ మాట.

"కాదు. పుల్లీ పోయింది. చాలా రోజులుగా పోతూనే ఉంది, నేనే చూసుకోలేదు." ఇంకోటి కూడా రావలసి ఉంది. కాస్త ఆగి వచ్చింది. "ఆవిడ కాలు బాగుంది. చేతులూ బాగున్నాయి. నీ బండిలో పరీక్ష ఇప్పించు."

కుర్రాడు నవ్వలేదు. వెనక తలుపు తీశాడు. నవ్వి ఉంటే బాగుండునని మాస్టారికి అనిపించింది.

వాళ్ళు వెళ్ళాక ఆయన బండి పక్కన రాతి మీద కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు కొందరు ఆగి, బానెట్లోకి తొంగి చూసి, ఉచితంగా రోగాలు చెప్పారు. పెట్రోల్లో నలక అన్నాడొకాయన. ఎవరైనా ఆడవాళ్ళు నడిపారా అని అడిగాడు ఇంకొకాయన. రెండూ మాస్టారికి బాగా తెలిసిన గొంతులే.

ఎండ నెత్తికెక్కాక పెళ్ళి పందిరి తిరిగొచ్చింది. స్టీరింగు ముందు వదినగారు, పక్కన కుర్రాడు, వెనక సీట్లో వాడి శిష్యుడు. ఆవిడ దిగి కాగితం చూపించలేదు, జాకెట్లో దోపుకునే ఉంది. మొహమే చూపించింది.

"మొదటి మలుపులో గుంజను కొట్టబోయాను" అంది. "అలవాటు కొద్దీ నా బలమంతా పెట్టి తిప్పాను కదా, గిర్రున తిరిగిపోయింది. స్టీరింగు ఇంత మెత్తగా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేం మరిదిగారూ?"

వదినగారు వ్యాను బడికి వెళ్ళాల్సిందీ అటే గనక మాస్టారి బండినీ లాక్కుపోదామని కుర్రాడు తాడు తీశాడు. రెండు బండ్లకూ కట్టారు. ముందు బండి వదినగారే నడుపుతానంది. వెనక బండిలో మాస్టారు, ఎన్నాళ్ళకో శిష్యుల సీట్లో కూర్చున్నాడు. ప్రాణం లేని ఇంజను, బండరాయి స్టీరింగు. మొదటి మలుపుకే భుజాలు పీక్కుపోయాయి, తెల్ల చొక్కా వీపుకు అంటుకుంది. పిల్లి అడ్డొచ్చినప్పుడల్లా ఆయన బ్రేకు తొక్కడం, తాడు గుంజుకుని ముందు బండి ఉలిక్కిపడడం. వదినగారు మాత్రం చలించలేదు. ఆ కుదుపులకు ఆవిడ ఎప్పుడో అలవాటు పడింది.

నాలుగు రోడ్ల దగ్గర ఆపి ఆవిడ కిటికీలోంచి తల వెనక్కి తిప్పింది.

"కాస్త సత్తువ పెట్టి తిప్పండి మరిదిగారూ. అలాగే ఆ క్లచ్ మీంచి కాలు తీయండి."

గేర్లు లేవు, ఇంజను లేదు, ఇక క్లచ్ ఏమిటని జవాబు చెప్పబోయి మాస్టారు కిందికి చూశాడు. ఎడమ కాలు క్లచ్ మీదే ఉంది, హాయిగా, ఇంటి గుమ్మం మీద పెట్టుకున్నట్టు.

"తీశానండి" అన్నాడు.