నీ ఫోను, నీ వేలు

డోర్నకల్ సోమనర్సయ్య ఊరందరి ఫోన్లూ బాగుచేస్తాడు గాని, ఒక్కరి ఫోనూ ముట్టుకోడు. యాప్ డౌన్‌లోడ్ కావడం లేదని ఎవరొచ్చినా ఆయన చేసే మొదటి పని రెండు చేతులూ వీపు వెనక కట్టుకోవడం. రెండో పని, "నీ ఫోను, నీ వేలు. నాది నోరొక్కటే" అని ప్రకటించడం. ఆ తర్వాత ఆకాశం విరిగి పడ్డా ఆ చేతులు ఫోను వైపు రావు. ఓసారి ఒకాయన ఫోను చేజారి సోమనర్సయ్య కాళ్ళ దగ్గరే పడింది. ఈయన వంగి, కళ్ళద్దాలు సవరించుకుని, "అద్దం పగల్లే. తీస్కో" అన్నాడు.

నేను ఒక్కచోట నిలిచే మనిషిని కాను. పుట్టింది బచ్చన్నపేటలో, బతికింది బస్సుల్లోనూ రైళ్ళలోనూ. సంచీలో నాలుగు పుస్తకాలుంటే చాలు, జనగామలో బండెక్కి ఎక్కడ నిద్ర తేలితే అక్కడ దిగుతాను. మానుకోటలో దిగాల్సిన వాణ్ణి డోర్నకల్‌లో కళ్ళు తెరవడం వల్లే సోమనర్సయ్య పరిచయమయ్యాడు. నిద్రకు నేను పడిన రుణాల్లో అది పెద్దది.

ఆయన ముప్పై నాలుగేళ్ళు రైల్వే గేటు దగ్గర పనిచేశాడు. ఆ కొలువు సంగతి కాస్త చెప్పాలి. బండి వస్తోందని స్టేషన్ నుంచి గేటుకు ఫోను వస్తుంది. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. గేటు వేశాక ఒక అంకె చెప్పాలి. అవతలివాడు ఆ అంకె రాసుకున్నాకే బండికి దారి. ముప్పై నాలుగేళ్ళు అలా బతికిన మనిషికి ప్రపంచంలో ఏ వస్తువైనా రైలుబండిలాగే కనిపిస్తుంది. భూపాలపల్లి పేరెత్తితే జాలిపడతాడు. "ఊరు మంచిదే సారూ. ఏం లాభం, రైల్వే గేటే లేకపాయె!"

రిటైరైన రోజు ఎర్రజెండా, పచ్చజెండా అప్పజెప్పి వచ్చి రెండు పూటలు అన్నం ముట్టలేదట. ఆయన భార్య కట్టమ్మ చూసి చూసి తన పాత జాకెట్లు చింపి రెండు జెండాలు కుట్టి ఇచ్చింది. పచ్చజెండాకు జాకెట్టు జరీ అంచు అలాగే ఉండిపోయింది. ఎవరైనా ఫోనులో ఒత్తకూడనిది ఒత్తబోతే, కట్టుకున్న చేయి ఒకటి విడి, చంకలోని ఎర్రజెండా లేస్తుంది. సరిగ్గా ఒత్తితే జరీ జెండా ఊగుతుంది.

జనగామ జగన్మోహన్ ఓసారి దొరికిపోయాడు. చెల్లెలి ఇంటికి వచ్చిన పెద్దమనిషి, టికెట్ల యాప్ దిగడం లేదని ఫోను పట్టుకొచ్చాడు.

"ఏం రాసొచ్చింది, చదువు" అన్నాడు సోమనర్సయ్య, చేతులు వెనక్కి కట్టి.

"జాగ లేదంటుంది."

"మల్ల చెప్పు."

"జాగ లేదయ్యా!"

"ప్లాట్‌ఫారం ఖాళీ లేకుంటే బండి స్టేషన్ బయట, అవుటర్‌ల ఆగుతది. ఫొటోలు తెరువు."

తెరిస్తే మూడు వేల రెండు వందల గుడ్‌మార్నింగులు. గులాబీలు, సూర్యోదయాలు, చాయ్ కప్పులు, నీతివాక్యాలు.

"గీ గుడ్‌మార్నింగులన్నీ ప్లాట్‌ఫారం మీదనే పండుకున్నయి. లేపు."

"అమ్మో, మా వియ్యంకుడు పంపినయి. తీసేస్తే ఆయనకు తెలుస్తదేమో!"

"పోయిన దసరా నాటి పొద్దు ఇంకా పొడుస్తనే ఉండాల్నా? నీ వేలు, కానీ."

అన్నీ ఒకేసారి ఎంచుకుని తీసేసే ఉపాయం ఉంది. అది సోమనర్సయ్య చెప్పాడు కూడా. కానీ జగన్మోహన్ ఒక్కో గులాబీనీ చూసి, వియ్యంకుడికి మనసులో క్షమాపణ చెప్పుకుని మరీ తీశాడు. యాప్ దిగింది. ఈలోగా రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి. "నువ్వే ఒత్తితే రెండు నిమిషాల పనాయె గదా!" అని ఆయన ఏడుపు ముఖంతో అంటే, సోమనర్సయ్య జరీ జెండా ఊపి సాగనంపాడు.

ఈ చేతుల కట్టు మీద ఊళ్ళో రకరకాల కథలున్నాయి. అహంకారమని కొందరు, ఫోను ముట్టనని ఏ దేవుడికో మొక్కుకున్నాడని కొందరు. నేనైతే పుస్తకాలు చదివిన పాపానికి ఇదేదో తపస్సనుకున్నాను. చాదస్తమని మాత్రం నాకు ఖాయమైంది, నీలి వచ్చిన రోజున.

పత్తి ఏరడాలు జోరుగా సాగుతున్న నెల. ఇప్పుడు సర్కారు కొనే చోట పత్తి అమ్మాలంటే ముందు ఫోనులో యాప్ దించుకుని, ఏ రోజు తెస్తామో అందులో బుక్ చేసుకోవాలి. పొద్దున పది గంటలకు బుకింగు తెరుస్తారు, కాసేపట్లోనే నిండిపోతుంది. పక్క తండా నుంచి నీలి ఆ రోజు తొమ్మిదింబావుకు పరుగున వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఏడో తరగతి చదువు. కళ్ళనిండా కోపం.

"బాపూ, ఆ యాప్ పడతలేదు. నిన్నటి సంది తిరుగుతనే ఉన్నది. ఇంట్ల రెండర్రల నిండ పత్తి. మేమేమో వాకిట్ల పంటున్నం. మబ్బు చూస్తివా ఎట్లున్నదో? వానొస్తే మేం లోపలికి పోవాలె, పత్తి బయటికి రావాలె. జర తొందరగ ఒత్తు!" అని ఫోను చాపింది.

సోమనర్సయ్య చేతులు వెనక్కి పోయాయి. "నీ ఫోను, నీ వేలు బిడ్డా."

"నాది కాదు, మా ఆయన హరిలాల్‌ది. ఆయన ఫోను ఇంట్ల ఇడిచి భూపాలపల్లికి బొగ్గు పనికి పోయిండు. నాకు ఎత్తుడు, పెట్టుడే వస్తది."

"ఇగ ఈ పొద్దు నుంచి నీదే. ఏం రాసొచ్చింది?"

"ఇంగ్లీషు. నాకేం తెల్వదు."

"తెలుగు చేద్దాం. ఆ సెట్టింగుల పండ్లచక్రం బొమ్మ ఒత్తు. కిందికి పో. ఇంక కిందికి."

నీలి ఆయన చేతుల వంక, గోడ గడియారం వంక చూసింది. "ఏం బాపూ, గోరింటాకు పెట్టుకున్నవా? ఆరలేదా ఇంకా?"

లోపల్నుంచి కట్టమ్మ నవ్వు వినిపించింది. సోమనర్సయ్య మాత్రం చలించలేదు. ఐదు నిమిషాల్లో ఫోను తెలుగులోకి మారింది. తెర మీద పదాలు నీలి కూడబలుక్కుని చదివింది. స్థలం సరిపోదట.

"ప్లాట్‌ఫారం నిండింది. వీడియోలు తెరువు."

తెరిచింది. ట్రాక్టర్లు. దున్నే ట్రాక్టరు, బురదలో దిగబడ్డ ట్రాక్టరు, ట్రాక్టరును గుంజుతున్న మరో ట్రాక్టరు. వేలు కింది నుంచి పైకి పోతూనే ఉంది, ట్రాక్టర్లు అయిపోవడం లేదు.

"పన్నెండేండ్ల సంసారం బాపూ! నా బొమ్మ ఒక్కటన్న ఉన్నదా ఇందుల?" అంది. ఇక ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తన భాషలో ఏదో అంటూ ట్రాక్టర్లన్నీ ఒక్క దెబ్బకు తీసేసింది. జరీ జెండా ఊగింది.

తొమ్మిదిన్నర దాటింది. మళ్ళీ యాప్ దించమని ఒత్తింది. చక్రం తిరుగుతోంది.

"చదువు."

"పెండింగ్."

"మల్ల చెప్పు."

"పెండింగ్, పెండింగ్, పెండింగ్! చాలా?"

"దీని ముందల గూడ్సు బండ్లున్నయి. పైన మూలకు గుండ్రం ఉన్నది, ఒత్తు. లోపల చూడు."

చూస్తే పదిహేడు యాప్‌లు అప్‌డేట్ కోసం వరుసలో నిలబడి ఉన్నాయి. అందులో సగం ఆటలు. "అన్నింటిని ఆపెయ్. ప్యాసింజర్‌కు దారియ్యి" అన్నాడు సోమనర్సయ్య. నీలి ఒక్కొక్కటే ఆపుతోంది. తొమ్మిది నలభై. నా వల్ల కాలేదు. నాకూ తెలుసు కదా ఆ విద్య! చెయ్యి చాపాను.

టప్! ఎర్రజెండా కర్ర నా మణికట్టు మీద పడింది.

"సారూ! మూసిన గేటు కింద నుంచి దూరుడు తప్పు."

"తప్పు నీది! ఆడమనిషి పంట ఆగమయ్యేలా ఉంది, నీ పంతమేమిటయ్యా?"

ఆయన జెండా చంకలో పెట్టి, చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకున్నాడు. అప్పుడు నేను ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాను, అలిగినట్టు. వెనక నుంచి ఆ చేతులు కనిపించాయి. వేళ్ళు ఒకదాన్నొకటి పెనవేసుకుని, రక్తం దిగిపోయి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గేటు తెరవమని లోపల్నుంచి ఎవరో గుంజుతున్నట్టు బొటనవేళ్ళు అదురుతున్నాయి. ఈ మనిషికి ఒత్తాలని లేకపోవడం కాదు, పట్టి ఆపుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఎందుకో తెలియలేదు.

గూడ్సు బండ్లన్నీ ఆగినా యాప్ కదలలేదు. సిగ్నల్ నాలుగు గీతలూ ఉంది. ఫోను ఆపి తెరిచింది, అయినా లేదు. తొమ్మిది నలభై ఎనిమిది. నీలి గుమ్మంలోంచి మబ్బు వంక చూసింది. "దళారి మా తండ కాడనే కూసున్నడు బాపూ. ఈ పొద్దు పోతే ఆయనకే అగ్గువకు పొయ్యాలె."

సోమనర్సయ్య ముఖం చెమటతో తడిసింది. కళ్ళు మూసుకుని, "ఫోను మీద మొత్తం చదువు. పై నుంచి. ఒక్క అక్షరం ఇడవకు" అన్నాడు.

"తొమ్మిది నలభై ఎనిమిది. ఫిబ్రవరి పన్నెండు..."

"ఆగు! మల్ల చెప్పు."

"ఫిబ్రవరి పన్నెండు." ఆమెకే అర్థమై నోరు తెరిచింది. "ఓ... పత్తి ఏరేటప్పుడు ఫిబ్రవరేంది?"

సంగతి తర్వాత తేలింది. హరిలాల్ ఆడే ఆటలో ఓడిపోతే, మళ్ళీ ఆడడానికి మరునాటి దాకా ఆగాలి. ఆయన ఆగే రకం కాదు. ఫోను తారీఖును రోజుకు రెండు రోజుల చొప్పున ముందుకు జరుపుకుంటూ ఆడాడు. అలా మూడు నెలలు ముందుకెళ్ళిపోయాడు. రాబోయే కాలంలో ఉన్న ఫోనుకు ఈ కాలపు యాప్ ఎలా దిగుతుంది?

"బండిది గాదు తప్పు, గడియారంది" అని గంతేశాడు సోమనర్సయ్య, చేతులు వెనకే ఉంచుకుని. "సెట్టింగుల తారీఖుకు పో. దానంతట అదే తీస్కునేటట్టు పెట్టు."

పెట్టింది. చక్రం ఒక్క క్షణం ఆలోచించి, నిండసాగింది. పది శాతం, నలభై, తొంభై. తొమ్మిది యాభై ఆరుకు యాప్ దిగింది. వివరాలు ఆమే కొట్టింది. ఆధార్, ఓటీపీ అంకెలు కొట్టేటప్పుడు ఈయన మొహం గోడకేసి తిప్పుకున్నాడు. పది గంటల మూడు నిమిషాలకు నీలి పత్తి అమ్మే రోజు ఖాయమైంది, రాబోయే శనివారానికి. జరీ జెండా ఊగీ ఊగీ అంచు ఊడింది.

నీలి ధన్యవాదాలేమీ చెప్పలేదు. కొంగుతో చెమట తుడుచుకుని, "నువ్వే ఒత్తితే నా పానం ఇంత పరేషాన్ గాకపోవు గద బాపూ" అని కసిరి వెళ్ళిపోయింది.

నేనూ కసరబోతుంటే సోమనర్సయ్య జేబులో ఫోను మోగింది. వీడియో కాల్. లోపలి గదిలోంచి, పదడుగుల దూరాన్నుంచి కట్టమ్మ. "ఓ గేటాయనా, చాయ్ చల్లగైతంది. ఆ సారుకు గూడ పోసిన."

చాయ్ దగ్గర ఆమే చెప్పింది సంగతి.

"నాలుగేండ్ల కింద ఈయనకు మోకాలు ఆపరేషనైంది, సికింద్రాబాద్ దవాఖానల. అంతకుముందు నా ఫోను నేను ముట్టిందే లేదు సారూ. ఈయనే చేసి, ఈయనే ఎత్తి, నా చెవు కాడ పెడుతుండె. మంచిగ చూస్కుంటుండని మురిసిన. ఈయన ఆడికి పోయినంక ఫోను మోగుతది, ఎట్ల ఎత్తాల్నో తెల్వదు. ఒత్తుత, ఎత్తదు. అది మీదికి జరపాల్నట. మూడు దినాలు మోగింది. మనిషున్నడో లేడోనని నాకు బుగులు, ఈడ ఎత్తుతలేనని ఆయనకు బుగులు. నాలుగో దినం బండెక్కి వెతుక్కుంట దవాఖానకు పోయిన. చేతిల ఫోను మోగుతనే ఉన్నది. మంచం కాడికి పోయి, 'జర దీన్ని ఎత్తయ్యా, ఎవరో పొద్దాక చేస్తుండ్రు' అన్న. చూస్తే ఈయన చెవుకు ఫోనున్నది. చేసేది ఈయనే!"

కట్టమ్మ పగలబడి నవ్వింది. సోమనర్సయ్య చాయ్ గ్లాసులోకి చూస్తూ అన్నాడు: "అప్పుడు కట్టుకున్న చేతులు సారూ. నేను ఒత్తితే ఈ ఒక్క దినమే పని అయితది. గేటు కాడ ఎప్పటికీ ఒక్కడే ఉంటడా? డ్యూటీ మారుతది గద."

ఆ శుక్రవారం వాన పడింది. కొనుగోళ్ళు ఆగాయనీ, బుక్ చేసుకున్నవాళ్ళంతా మళ్ళీ యాప్‌లో వేరే రోజు ఎంచుకోవాలనీ ఎవరో చెప్పగానే నాకు నీలి గుర్తొచ్చింది. మరునాడు బురద తొక్కుకుంటూ తండాకు వెళ్ళాను, ఈసారి ఎవరేమన్నా నేనే ఒత్తేద్దామని నిశ్చయించుకుని.

నీలి ఇంటి అరుగు మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు, తలా ఒక ఫోనుతో. లోపల పత్తి భద్రంగానే ఉంది. వాకిట్లో టార్పాలిన్ కింద మంచాలున్నాయి. నీలి తన కొత్త తేదీ బుకింగు తెరవగానే ఖాయం చేసుకుందట. ఇప్పుడు మాన్‌సింగ్ అనే ముసలాయన ఫోను ముందు నిలబడి ఉంది.

"నువ్వే ఒత్తరాదే బిడ్డా, నీకొస్తది గద" అని బతిమాలుతున్నాడు ముసలాయన.

"నీ ఫోను, నీ వేలు కాకా. ఏం రాసొచ్చింది, చదువు. మల్ల చెప్పు!"

ఆమె రెండు చేతులూ వెనకనే ఉన్నాయి. ఒక చేతిలో ఎర్ర రుమాలు. ముసలాయన వేలు తప్పు గుర్తు మీదికి పోతుంటే నేను ఆగలేక ముందుకు వంగాను. ఎర్ర రుమాలు లేచింది.

నా చేతులు వాటంతటవే వీపు వెనక్కి పోయాయి.