ఏసీ ఎక్కని టిక్కీలు

యలమందయ్య చరిత్ర ఎవరైనా రాయదలుచుకుంటే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టుకోవాలి. ఐ.పి.కి పూర్వం, ఐ.పి.కి తరువాత. గుంటూరు మట్టిలో పుట్టినవాడికి ఐ.పి. అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెప్పాలంటే, అప్పులు తీర్చలేని మనిషి కోర్టుకు పోయి, నాకున్నది ఇదీ, నేనివ్వాల్సింది అదీ, ఇక మీరే పంచండి అని రెండు చేతులూ ఎత్తేసే కాగితం అది. దాని పుట్టుక కోర్టులోనే అయినా పెంపకమంతా మన టీ బడ్డీల దగ్గర జరిగింది.

పూర్వయుగంలో యలమందయ్య ప్రత్తిపాడు దగ్గర సొంతంగా రెండెకరాలూ, కౌలుకు ఇంకో ఆరూ చేసేవాడు. ఒక ఏడు ధర బాగాలేదని తన తేజ రకం మిరపకాయను ఏసీలో పెట్టాడు. ఏసీ అంటే మనుషులు పడుకునేది కాదు, గుంటూరు రోడ్డు పక్కనున్న కోల్డు స్టోరేజీ. మిరపకాయ అందులో చల్లగా నిద్రపోతుంది. ధర లేచినప్పుడు దాన్నీ లేపి అమ్ముకోవచ్చు. ఈలోగా ఆ నిద్రపోయే కాయను చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది. ఆ ఏడు ధర నిజంగానే లేచింది. ఆ లాభం ఆయన్ని చెడగొట్టినట్టు జన్మలో ఏ నష్టమూ చెడగొట్టలేదు. మరుసటి ఏడు ఊళ్ళోవాళ్ళ కాయ కూడా నోటిమాట మీద కొని ఏసీ నింపాడు. దాని మీద అప్పు, ఆ అప్పుతో మళ్ళీ కాయ. ధర ఈసారి పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది. కాయ రంగు తగ్గింది, ఏసీ అద్దె పెరిగింది, వడ్డీ ఈనుతూ పోయింది. చివరికి ఒక ప్లీడరు గారు దయతలచి, ఉన్న ఫీజు పుచ్చుకుని ఐ.పి. వేయించాడు.

నోటీసులు రిజిస్టరు పోస్టులో పెళ్ళి శుభలేఖల్లా ఇంటింటికీ వెళ్ళాయి. కాగితం లేకుండా చేబదులిచ్చిన ఒక పెద్దాయన, ఊరందరికీ పంపి నాకు పంపలేదేమని ఇంటి మీదికొచ్చి అలిగాడు. రెండెకరాలూ పోయాయి. ఇల్లు మిగిలింది, గేదె మిగిలింది, సుబ్బరావమ్మ మిగిలింది. కోర్టు తతంగమంతా ముగిసి విముక్తి కాగితం చేతికొచ్చిన రోజున ఆవిడ మొగుడి ముందు అన్నం కంచం పెట్టి, కలుపుకోబోతున్న చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగింది. ఇక మీదట ఈ చెయ్యి అప్పు కాగితం మీద పడదని చెప్పండి, అప్పుడు తినండి అని. ఆకలి మీదున్నాడు. చెప్పాడు.

కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి. అప్పుల్లో ఉన్నన్నాళ్ళూ యలమందయ్యను ఎవరూ వింతగా చూడలేదు. అప్పు లేనివాడయ్యాక ఆయన ఊరికి పెద్ద సమస్య అయిపోయాడు.

కూలికి పోయీ పాలు అమ్మీ కూడబెట్టినదాంతో రెండెకరాలు కౌలుకు తీసుకుని ముందే డబ్బు కట్టేస్తే, చేను గలాయన ఆ నోట్లను వెలుతుర్లో తిప్పితిప్పి చూశాడు. పురుగుమందుల కొట్లో నగదు తీస్తే కొట్టు యజమాని మొహం చిన్నబోయింది. "డబ్బులకేముందండీ, రాసుకుంటాలే" అన్నాడు. ఈ ప్రాంతంలో ఎకరాలకు ఎకరాలు మింగేసినది తెల్లదోమా కాదు, నల్లతామర పురుగూ కాదు, ఆ ఒక్క మాట. వద్దు, ఇప్పుడే తీసుకోండి అని యలమందయ్య బతిమాలుకున్నాడు. బతిమాలి అప్పు తెచ్చుకున్న రోజులున్నాయి గానీ, డబ్బు పుచ్చుకోమని బతిమాలాల్సొస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. కొట్టు యజమాని డబ్బు తీసుకుని, నామీద ఏమన్నా కోపమా అని అడిగాడు.

వీళ్ళందరినీ మించినవాడు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు బాపయ్య. ఐ.పి.లో అందరికంటే ఎక్కువ మునిగింది ఆయనే. మొహం చూడడేమో అనుకుంటే, తొలకరికి ముందే మోటారుసైకిలు మీద ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, పెట్టుబడికి ఎంత కావాలో చెప్పమన్నాడు. యలమందయ్య తెల్లబోయి, మీ డబ్బు ముంచినవాణ్ణి కదండీ నేను అన్నాడు.

"అందుకేగా వచ్చింది," అన్నాడు బాపయ్య. "ఈ చుట్టుపక్కల పాత అప్పు ఒక్క రూపాయి కూడా లేని రైతు ఎవడున్నాడో చెప్పు. అందరూ పీకలదాకా ఉన్నారు. కోర్టువాళ్ళు కడిగి ఆరేసిన మనిషివి నువ్వొక్కడివే. నీకు కాకపోతే ఎవరికివ్వను యలమందయ్యా?"

ఇందులో తప్పెక్కడుందో యలమందయ్యకు ఇప్పటికీ తెలియలేదు. తెలియక గేదెకు నీళ్ళు పెట్టాలన్న నెపంతో దొడ్లోకి పోయి, ఆయన వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు. గేదె రెండుసార్లు తాగి మూడోసారి మొహం తిప్పుకుంది.

ఈ ఏడు కాయ బాగా పండింది. మొగుడూ పెళ్ళాలే మందు కొట్టుకున్నారు, కలుపు తీసుకున్నారు. కోతకు మాత్రం కూలీలను పెట్టి, ఏ రోజు కూలి ఆ రోజు దాచిపెట్టిన పాలడబ్బుల్లోంచి ఇచ్చారు. కల్లంలో ఆరబోసిన కాయ కుంకుమరాశిలా ఉంది. తాలుకాయ ఏరి అవతల పోశాక మిగిలినదాన్ని టిక్కీల్లో తొక్కించారు. మిరప బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు. సరిగ్గా ఆ వారమే యార్డులో ధర జారింది. ఊరంతా ఒక్క గొంతుతో ఏసీ అన్నది.

ఆ గొంతుల్లో పెద్దది సుబ్బరావమ్మ తమ్ముడు కోటేషుది. మూడు రోజులు వరసగా కల్లానికొచ్చి, మంచం మీద కూర్చుని బావకు అర్థశాస్త్రం బోధించాడు. ఈ ధరకు అమ్మేవాడు రైతే కాదన్నాడు. శ్రావణం దాకా ఆగమన్నాడు. కాయ దించుకుని ఏసీవాళ్ళు రాసిచ్చే బాండు మీద బ్యాంకు అప్పు తీసుకుంటే అది అప్పు కిందికి రాదనీ, అది మన కాయ మీద మన డబ్బేననీ అన్నాడు. సరిగ్గా ఈ మాటే తాను ఒకప్పుడు ఇదే మంచం మీద కూర్చుని సుబ్బరావమ్మకు చెప్పినట్టు యలమందయ్యకు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. తన తెలివితక్కువతనాన్ని ఇంకొకడి నోట వింటే ఇంత విసుగ్గా ఉంటుందా అనుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆవిడ ఎలా విన్నదో.

"ఒరేయ్, నేను యార్డుకే వేస్తున్నా. ఇంకో మాట మాట్లాడితే మంచం ఎత్తేస్తా," అన్నాడు చివరికి.

చిక్కేమిటంటే, లారీ ఒక్కటే. అది ఇమాం హుస్సేన్‌ది. యలమందయ్యకు బడి రోజుల నుంచీ స్నేహితుడు. ఐ.పి. నోటీసు అందుకుని కూడా ఒక్కరోజైనా పలకరింపు మానని ఒకే ఒక్క మనిషి. ఊళ్ళో అందరి టిక్కీలూ ఆ లారీలోనే వెళ్తున్నాయి, అందరివీ ఏసీకే. యార్డుకు పోవాలంటే ఆ ఏసీ గేటు దాటే పోవాలి. తాగుడు మానినవాడి ఇంటి దారి కల్లు పాక ముందునుంచి ఉన్నట్టన్నమాట.

ఏసీ దగ్గర లారీ ఆగేసరికి ఎండ మాడ్చేస్తోంది. టీ తాగొద్దాం రమ్మని కోటేషు బావనూ ఇమాం హుస్సేన్‌నూ పక్కకు పిలిచాడు. టీ వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. తిరిగొచ్చి చూస్తే లారీ ఖాళీ. యలమందయ్య టిక్కీలు కూడా దిగిపోయాయి, లోపలికి వెళ్ళి వరుసగా పేర్చబడి కూడా ఉన్నాయి. హమాలీల మేస్త్రిని నిలదీస్తే అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఈ ధరకు కాయ యార్డుకు పోతుందని తనకెలా తెలుస్తుందన్నాడు. తన సర్వీసులో ఇంత కిందికి పడ్డ ధరకు అమ్ముకునే రైతును చూడలేదన్నాడు. అందులో దురుద్దేశమేమీ లేదు. దారి తప్పిన పిల్లల్ని ఇంటికి చేర్చినట్టు చేర్చాడంతే. కోటేషు మాత్రం చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

యలమందయ్య లోపలికి వెళ్ళాడు. బయట నిప్పులు, లోపల చల్లదనం. చెమట పట్టిన వీపు మీద ఆ చల్లగాలి తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ వాసన ఆయనకు తెలుసు. గోనె, మిరప ఘాటు, చలి కలిసిన వాసన. పెద్దమనిషిగా బతికిన రోజుల వాసన. గుమస్తా కుర్రాడు కుర్చీ వేసి, కూర్చోండి బాబాయ్ గారూ, బాండు రెడీ చేస్తున్నా, లోను సాయంత్రానికల్లా మీ ఖాతాలో పడుతుందన్నాడు. తనను ఎవరైనా కుర్చీలో కూర్చోబెట్టి ఎన్నాళ్ళయిందో. యలమందయ్య కూర్చున్నాడు. కూర్చుని, తన చెయ్యి తన మోకాలి మీదే ఉందని సరిచూసుకున్నాడు. చెయ్యి మాట మీదే ఉంది. కానీ సుబ్బరావమ్మ చేత్తోనే ప్రమాణం చేయించింది, నోటితో చేయించలేదు.

"వడ్డీ ఎంత?" అన్నది ఆ నోరు.

గుమ్మంలో నిలబడ్డ ఇమాం హుస్సేన్ లారీ తాళాలు జేబులో వేసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ మొహంలో భయం కనిపించింది.

"ఏరా, వడ్డీ అడిగావా?" అన్నాడు మెల్లగా.

అంత చలిలోనూ యలమందయ్యకు చెమట పట్టింది. లేచాడు. ఖాళీ అయిన కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపాడు, మళ్ళీ తనే కూర్చుంటానేమోనన్నట్టు. బయటికొచ్చి మేస్త్రితో, నా టిక్కీలు లారీ ఎక్కించండి అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు ధర్మం. దించినందుకు కూలి ఇవ్వాలి, మళ్ళీ ఎక్కించినందుకూ ఇవ్వాలి. నేను దించమన్లేదు కదా అంటే, దించడమైతే దించాం కదా అన్నాడు మేస్త్రి. గుమస్తా కూడా వచ్చి, లోపలికి వచ్చిన సరుకుకు ఒక నెల అద్దె ఆనవాయితీ అన్నాడు. సరుకు లోపలున్నది ఒక టీ తాగినంతసేపు. తన సొంత కాయను తాను అప్పు చేయకుండా తీసుకుపోవడానికి ఇంత ఖర్చవుతుందని యలమందయ్యకు ఏ కోర్టూ చెప్పలేదు. అద్దె మీద అరిచాడు. అరిచి అరిచి సగానికి దించి, దింపుడు కూలీ ఎక్కుడు కూలీ కట్టి, ఏసీవాళ్ళిచ్చిన రసీదు చింపి లారీ ఎక్కాడు. ఇంత ఖర్చు పెట్టేవాడివి ఏసీలోనే పెట్టొచ్చుగా బావా అని కోటేషు కింది నుంచి అంటూనే ఉన్నాడు. ఇమాం హుస్సేన్ గేరు వేసి హారన్ కొట్టాడు. అవసరమైన దానికంటే ఎక్కువసేపే కొట్టాడు.

యార్డులో ఆ రోజు ధరకే అమ్మాడు. కొట్లో బాపయ్య లెక్క చూసి, డబ్బు ఇప్పుడే ఎందుకు, నా దగ్గర ఉంచు, కావాల్సినప్పుడల్లా వాడుకో, తక్కువపడితే సర్దుతా అన్నాడు. యలమందయ్య మొత్తం చేతికిచ్చేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి డబ్బు సంచి సుబ్బరావమ్మ ఒళ్ళో పెట్టాడు. వడ్డీ అడిగిన సంగతి కూడా చెప్పాడు. ఆవిడ సంచి మూతి బిగించి ముడేసింది. తరువాత, రేపటి నుంచి నోటి సంగతి కూడా చూస్తానన్నది.

పది రోజులు తిరక్కుండానే ధర పెరిగింది. పెద్దగా కాదు, మనిషిని ఏడిపించేటంత. ఊరు ఊరంతా పరామర్శకొచ్చింది. చావుకొచ్చినట్టు వచ్చి, అరుగు మీద కూర్చుని, నిట్టూర్చి, క్వింటాకు ఎంత పోయిందో వేళ్ళ మీద లెక్క కట్టి చెప్పి, అంతా రాత యలమందయ్యా అని లేచి పోయారు. అలా అన్నవాళ్ళెవరూ తమ కాయను ఏసీలోంచి తీసి అమ్మలేదు. ఇంకా పెరుగుతుందని ఆగారు. ఆగడం తప్ప వేరే ఏదీ తెలిసినవాళ్ళు కారు. కాయ ఏసీలో ఉంది, బ్యాంకు డబ్బు పాత అప్పుల్లో ఉంది, చేతుల్లో ఏమీ లేదు.

ఆ సంగతి పసిగట్టి కోటేషు వచ్చాడు. చివరి కోత కూలీలు డబ్బు కోసం తన ఇంటి ముందు కూర్చున్నారట. ఊళ్ళో నోటు కనిపించేది నీ ఇంట్లోనే బావా, నెలకు రెండు రూపాయల వడ్డీ వేసి ఇస్తాను, కావాలంటే ప్రామిసరీ నోటు రాస్తాను అన్నాడు. సుబ్బరావమ్మ మొగుడి వంక చూసింది. తమ్ముడు, పైగా కూలీల డబ్బు. యలమందయ్య లోపలికి వెళ్ళి కూలికి సరిపడా తెచ్చి మంచం మీద పెట్టాడు.

"నోటూ వద్దు, వడ్డీ వద్దు. ఇది అప్పు కాదురా. తిరిగివ్వనక్కర్లేదు. తీసుకుపో," అన్నాడు.

కోటేషు మొహం నల్లబడింది. నోట్ల వైపు చెయ్యి చాపినవాడు వెనక్కి లాక్కున్నాడు.

"ఊరికే పుచ్చుకోడానికి నేనేమన్నా అడుక్కుతినేవాణ్ణా బావా? నా పరువేం కావాలి?" అన్నాడు. "అప్పిస్తే ఇవ్వు. లేకపోతే బాపయ్య ఉన్నాడు."

బండి ఎక్కి గుంటూరు వైపు వెళ్ళిపోయాడు. దుమ్ము అణిగేదాకా యలమందయ్య మంచం మీద డబ్బు వంకా దారి వంకా మార్చి మార్చి చూశాడు. కూలీలైనా పుచ్చుకుంటారేమో చూస్తానంటూ సుబ్బరావమ్మ ఆ నోట్లు కొంగున ముడేసుకుని తమ్ముడి ఇంటికి బయల్దేరింది.

"ఏమండీ, నేనొచ్చేలోగా ఎవరన్నా వస్తే ఏమీ మాట్లాడకండి," అన్నది గుమ్మం దాటుతూ.

యలమందయ్య తల ఊపాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. ఎవరో అమ్మాయి, చాలా మర్యాదగా, మీ పేరు మీద లోను మంజూరైంది సార్ అన్నది. ఆయన నోరు తెరిచి, మాట గుర్తొచ్చి, ఫోను తీసుకెళ్ళి గేదె చెవి దగ్గర పెట్టాడు.