ఫైర్‌బాక్స్ తలుపు మీద సుద్ద రాత

పోయిన వారం భిలాయి రుఆబాంధాలో మా ఇంటి దగ్గరి పార్కుకు వెల్డింగు మిషను తెచ్చారు. అక్కడ కంచె కట్టి నిలబెట్టిన పాత ఆవిరి ఇంజనుకు ఆకుపచ్చ రంగు, చక్రాల అంచులకు తెల్ల రంగు పూశారు. మా కాలంలో దాని ఒంటి మీద మసి తప్ప వేరే రంగు ఎరగం. ఇప్పుడు పెళ్లికొడుకులా ఉంది. పిల్లలు దూరుతున్నారని, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ తలుపు అతికించేస్తారట. వెల్డరు ఇక్కడే, పక్క పేట కోహ్కాలో పుట్టిన తెలుగువాడు. మూసే ముందు లోపల చూడమన్నాను. "ఖాళీ డబ్బా బాబాయ్, ఏటి సూస్తాం అందులో?" అన్నాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

ఆ ఇంజను మొదట విశాఖ రేవులో పనిచేసింది. గోదాముల మధ్య ఇరుకు మలుపుల్లో తిరగాలని పొట్టిగా చేశారు. నీళ్ల ట్యాంకులు రెండు పక్కలా మోసుకునేది. ఓడ దగ్గర్నుంచి గోదాముకు, గోదాము నుంచి ఓడ దగ్గరికి. ముసలిదయ్యాక భిలాయిలో కాంట్రాక్టు పనులు చేసే ఒక ఠేకేదారు తన యార్డు కోసం కొన్నాడు. ఇక్కడా అది గేటు దాటింది లేదు. దాన్ని నడిపే మా బావ, అంటే నా పెళ్ళాం అన్న, దాని వెంటే వచ్చి, బొగ్గు వేసే పనికి నన్ను పిలిపించుకున్నాడు. అయిదో తరగతి చదివానని అబద్ధం చెప్పి చేరాను. ఒక్క అక్షరం రాదు. తెలిస్తే పని పోతుంది. ఎనిమిది గంటలు ఇంజను మీద ఉంటే, ఇరవై నాలుగు గంటలూ ఆ అబద్ధంలో ఉండేవాణ్ణి.

ఇంజను చల్లారాక, బొగ్గు మండి గడ్డకట్టిన చిట్టెం గోకడానికి మనిషి ఫైర్‌బాక్సులోకి పాక్కుంటూ వెళ్లాలి. వెళ్లేవాడు తలుపు మీద సుద్దతో "లోపల మనిషి ఉన్నాడు" అని రాయాలని నియమం. నీళ్లు పట్టండి, నిప్పు వేయండి లాంటి ఆర్డర్లూ ఆ తలుపు మీదే రాసేవారు. నాకు చదువు రాదని బావకొక్కడికే తెలుసు; అది రాసి, నా కోసం తన తువ్వాలు కూడా హ్యాండిలుకు కట్టేవాడు. ఒకరోజు మసి ఎక్కువగా ఉందని ఆ తువ్వాలు ముక్కుకు చుట్టుకుని లోపలికి పోయాడు. నేను వచ్చేసరికి తలుపు ఓరగా ఉంది, మీద రాత ఉంది, తువ్వాలు లేదు. పక్కనున్న, పట్టాలు మార్చే పాయింట్లవాడు "ఏటి రాసుంది?" అని అడిగాడు. చదివినవాడిలా తల ఊపి, నీళ్లు పట్టమన్నారని చెప్పాను. చెప్పి, అలవాటు ప్రకారం పక్క ఇంజను నుంచి పారతో నిప్పులు తెచ్చి లోపలికి విసిరాను.

ఆ కేక నలభై ఏళ్లయినా ఇప్పటికీ వినబడుతుంది. కాలు కాలి బయటపడిన బావ చేసిన మొదటి పని, అరచేత్తో తలుపు మీద సుద్ద చెరిపేయడం. షెడ్డు మాస్టరు పరిగెత్తుకొస్తే, "రాయడం మరిసిపోనాను సార్" అన్నాడు. పాయింట్లవాడు నావైపు ఒకసారి చూసి తన పని మీద వెళ్లిపోయాడు. అజాగ్రత్త మనిషని బావను ఇంజను మీంచి దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు. నిజం చెప్పేస్తానంటే కసిరాడు. "సెప్తే ఇద్దరికీ పోద్ది. నోరు మూసుకుని సదువుకో." ఆ సాయంత్రం నుంచే నీళ్ల ట్యాంకు పక్కన నాకు అక్షరాలు దిద్దబెట్టాడు. తలుపు మీద రాసే ఆ మూడు మాటలే మొదట నేర్చుకున్నాను. కొన్నేళ్లకు అతని సీటులోనే కూర్చుని ఇంజను నడిపాను. కుంటుతూ వచ్చి గేటు తీసేవాడు. వెళ్లేటప్పుడు చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి వంక నేనెప్పుడూ తిన్నగా చూడలేదు. నిజం ఎవరికీ చెప్పకుండానే అతను పోయాడు.

ఇదంతా వెల్డరుకు చెప్పాను. వాడు ముసుగు పైకెత్తి విన్నాడు. మొబైలు లైటు వేసి, తల లోపలికి పెట్టి నాలుగు మూలలూ చూశాడు. "ఎవుడూ లేడు బాబాయ్. నువ్వే రాసీ" అని సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "లోపల ఎవరూ లేరు" అని రాసి కింద సంతకం చేశాను. తలుపు అతికేసరికి మధ్యాహ్నమైంది. సుద్ద మొన్నటి వానకే పోయింది. అక్కడ రాసింది నిజమని నమ్మడానికి మాత్రం నాకు ఈ నలభై ఏళ్లూ చాలలేదు.