తాడు పట్టిన సూపరింటెండెంటుగారు

నేను చెప్పబోయేది ఒక ఘోర ప్రమాదం సంగతి. కంగారుపడకండి, ఎవరూ మునిగిపోలేదు. అసలు మోకాలి పైకి ఎవరికీ నీళ్ళు తగల్లేదు. పోయిందల్లా ఒక పెద్దమనిషి అరచేతుల తోలు, ఒక శాకాహార వీధి పరువు, నా జీవితంలో రెండేళ్ళు. అన్నిటికీ కారణం నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట. ఆ మాట ఏమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అరవైల మొదట్లో నేను నెల్లూరులో ఒక సర్కారు ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. నా పర్మినెంటు కాగితం సూపరింటెండెంటుగారి బల్ల మీద నాలుగు నెలలుగా నిద్రపోతోంది. ఆయన సంతకం పెడితే టౌనులోనే ఫ్యాను కింద కుర్చీ, పెట్టకపోతే ఇల్లు. ఈ రెండూ కాక మూడో గతి ఒకటి ఉండేది. కృష్ణపట్నం దగ్గర, సముద్రం ఒడ్డున, ఉప్పు కొఠారు పక్కనే మా బ్రాంచి ఆఫీసు. అక్కడికి వేసిన గుమాస్తా ఎవడైనా సరే వారం తిరక్కుండా జబ్బు సర్టిఫికెట్టు పంపేవాడు. ఆ పేరు ఎత్తితేనే ఆఫీసులో అందరికీ దగ్గొచ్చేది.

సూపరింటెండెంటు శ్రీనివాసరావుగారు అనంతపురం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చారు. సముద్రాన్ని క్యాలెండరు మీద తప్ప చూసి ఎరగరు. ఒకరోజు నన్ను పిలిచారు.

"ఏమప్పా దేవదానం, ఆదివారం సముద్రం చూసొద్దామని మా ఇంట్లో ఒకటే పోరు. నీకేమన్నా తెలుసునా ఆ పక్క?"

నిజం చెప్పాలంటే సముద్రంతో నా పరిచయం మా వీధికి వచ్చే చేపల రమణమ్మ బుట్టలో మొదలై మా అమ్మ పులుసులో ముగిసేది. బళ్ళో చదివేటప్పుడు ఒకసారి తీసుకెళ్తే అలలకు భయపడి ఇసుకలోనే కూర్చుని వచ్చాను. కానీ నా కళ్ళు ఆయన ముఖం మీద లేవు, బల్ల మీది కాగితం మీద ఉన్నాయి.

"తెలియకపోవడమేంది సార్! సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినోణ్ణి. పల్లెకారులంతా నా మనుషులే. అంతా నేను చూసుకుంటా."

ఇంటికి వెళ్ళి చెబితే మా అమ్మ గయ్యిమంది. "ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి ఆఫీసరును సముద్రానికి తోలుకపోతావా? దేవుడు చూస్తా ఊరుకుంటాడా?"

"పర్మినెంటు కానీమ్మా, రెండు పూటలా పోతా" అన్నాను. దేవుడు ఊరుకోలేదని ముందే మనవి చేస్తున్నాను.

పొద్దున్నే బస్సెక్కి మైపాడు చేరాం. సార్, అమ్మగారు వెంకటలక్ష్మమ్మగారు, పులిహోర, దద్దోజనం నిండిన క్యారియరు, సార్‌గారి మెళ్ళో కొత్త కెమెరా, దీన్నంతా నడిపించే నేను. దిగేటప్పుడు కండక్టరు గట్టిగా చెప్పాడు. "తిరుగు బస్సు నాలుక్కి. అది పోతే రేపొద్దున్నే!"

సముద్రం కనబడగానే సార్ నిలబడిపోయారు.

"ఇన్ని నీళ్ళా! దీంట్లో ఒక మూల మా అనంతపురానికి ఇస్తే చాలు గదప్పా."

"ఉప్పునీళ్ళండీ అవి" అన్నారు అమ్మగారు.

"ఉప్పువే ఇయ్యనీ!"

ఆ క్షణంలో సముద్రం నేనే తవ్వించినట్టు ఛాతీ విరిచాను. అన్నాలు తిని, అక్కడితో లేచి వచ్చి ఉంటే ఈ కథే లేదు. కానీ అప్పుడే కాస్త దూరంలో పల్లెకారులు పెద్ద వల లాగుతున్నారు. వల ఎక్కడో సముద్రంలో ఉంది. దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు వచ్చాయి. ఒక్కో తాటికి పదిహేనుమంది వరసగా నిలబడి, పాట పాడుతూ, అడుగు వెనక్కి అడుగు వేస్తున్నారు.

"సార్, మీరు ఆ తాడు పట్టుకుని నిలబడండి, ఫోటో తీస్తా. అనంతపురం పంపించుకోవచ్చు" అన్నాను. ఫోటో కింద సంతకం, సంతకం కింద నా పర్మినెంటు, అన్నీ నాకు కనబడుతున్నాయి.

సార్ కెమెరా నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి వచ్చారు. వరస ముందు నిలబడ్డ పెద్దాయన పోలయ్య మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"తాడు పడతాడా అయ్య? మా ఆచారం తెలుసునా అబ్బయా?"

చూడండి, ఇక్కడ "ఏం ఆచారం?" అని రెండు ముక్కలు అడిగితే ఏం పోయేది? కానీ సార్ పక్కనే ఉన్నారు. పల్లెకారులంతా నా మనుషులని మూడు రోజులుగా చెబుతున్నాను.

"తెలుసు తెలుసు! నాకే చెప్తావా?" అన్నాను.

సార్ తాడు పట్టారు. నేను కెమెరా నొక్కాను. "అయింది సార్, వచ్చేయండి."

"యాడికి వచ్చేది?" అన్నాడు పోలయ్య, పాట ఆపకుండానే. "చెయ్యేసినోడు వల ఒడ్డుకు వచ్చిందాకా వదలగూడదు. మధ్యలో వదిలితే గంగమ్మకి కోపం. చేపంతా పోతాది. తెలుసని నువ్వే చెప్పినావు గదా!"

పదిహేనుమంది ఒక్కసారి నా వైపు చూశారు. ఆ తరవాత సార్ చూశారు. ఆ చూపు ఇంకా నాకు గుర్తుంది.

"నీకు తెలుసునా దేవదానం?"

"అంటే సార్... తెలుసు సార్... కాసేపే సార్..." అని పోలయ్య వైపు తిరిగి, "ఎంతసేపు పడతాది పెద్దాయనా?" అన్నాను.

"ఎంతోసేపు పట్టదు. ఇప్పుడే గదా మొదలు పెట్టింది."

అప్పుడు టైము రెండు. "ఆయన బదులు నేను పడతా, వదిలిపెట్టు" అని బతిమాలాను. ఒకరి చెయ్యి ఇంకొకరికి చెల్లదన్నాడు. "సర్కారు ఆఫీసరయ్యా!" అన్నాను. "సముద్రానికి ఆఫీసర్లు ఎవరుండారు?" అన్నాడు. "నువ్వు కూడా పట్టు, తొందరగా వస్తాది" అని పిలిచాడు కూడా. నా చేతిలో కెమెరా ఉందిగా, ఇసుక పడితే పాడైపోతుందని రెండడుగులు వెనక్కి వేశాను. నా పిరికితనానికి అంత మంచి సాకు మళ్ళీ దొరకలేదు.

మూడయింది. సార్ చొక్కా తడిసింది, జంధ్యం వీపుకు అతుక్కుంది. అమ్మగారు గొడుగు కింద కూర్చుని కన్నార్పకుండా చూస్తున్నారు. నేను ఓదార్చబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు.

"ఉండు నాయనా. ఇరవై ఏళ్ళ కాపరంలో బావిలోంచి ఒక్క బక్కెట తోడి ఎరగడీ మనిషి. తృప్తిగా చూడనీ!"

నాలుగయింది. బస్సు వచ్చింది, హారను కొట్టింది, మా కోసం కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది. సార్ తల తిప్పి దాన్ని కనుమరుగయ్యే దాకా చూశారు. చేతులు మాత్రం తాటి మీదే ఉన్నాయి. వింత ఏమిటంటే అప్పటికి ఆయన కూడా పాట అందుకున్నారు.

ఐదింటికి వల ఒడ్డుకు వచ్చింది. నిండుగా చేపలు! పల్లెకారులు కేకలు పెట్టారు. పోలయ్య వాటిలోకెల్లా పెద్ద వంజరాన్ని ఏరి, రెండు చేతులా పట్టుకుని సార్ ముందుకు వచ్చాడు.

"అయ్యా, ఇది మీ పాలు. మీ చెయ్యి మంచిది."

"సార్ తినరు పెద్దాయనా! ముట్టుకోరు కూడా!" అని అడ్డం పడ్డాను.

"తినేది తినంది ఆయన ఇష్టం. తాడు పట్టినోడు పాలు తీసుకోకపోతే రేపు మా వల దిగదు. ఇది కూడా నీకు తెలుసు గదా!"

సార్ కళ్ళు మూసుకున్నారు. పెదాలు ఏదో స్తోత్రం చదివాయి. రెండు చేతులూ చాచారు. వంజరం చేతిలో పడింది. నాకు వేలెడంత మెత్తళ్ళ చేప ఒక్కటి కూడా ఇవ్వలేదు, అడిగే ముఖం నాకూ లేదు.

తిరుగు ప్రయాణానికి దొరికింది చేపల లారీ ఒక్కటే. అది సరిగ్గా దీపాలు పెట్టే వేళకు సార్ వాళ్ళ వీధిలోకి తిరిగింది. చేపల రమణమ్మ కూడా అడుగు పెట్టని వీధి అది. అరుగుల మీద అందరూ ఉన్నారు. వాళ్ళందరి ముందు సూపరింటెండెంటుగారు లారీ దిగారు, చంకలో వంజరంతో. పారేస్తే గంగమ్మకు కోపమేమోనని దారిలో పారేయలేదట! ఎదురింటాయన లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

నేను లారీ వెనక నుంచి దూకి, పరుగున వెళ్ళి ఆ చేపను అందుకున్నాను. ఆ రాత్రి మా అమ్మ పులుసు బ్రహ్మాండంగా చేసింది, నాకు మాత్రం ముద్ద దిగలేదు.

సోమవారం సార్ రెండు అరచేతులకూ గుడ్డలు కట్టుకుని వచ్చారు. కలం పట్టలేకపోవడంతో ఆఫీసు మొత్తానికి వారం రోజులు ఒక్క సంతకం లేదు. ఫోటో కడిగిస్తే అందులో ఆకాశం, తాడు, నా బొటనవేలు వచ్చాయి. నా పని అయిపోయిందనుకున్నాను. తొమ్మిదో రోజు సార్ పిలిచి నవ్వుతూ కాగితం చేతికిచ్చారు. అడుగున కాస్త వంకరగా సంతకం ఉంది. పర్మినెంటు! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి.

"కింద కూడా చదువప్పా" అన్నారు సార్.

చదివాను. 'సదరు గుమాస్తా సముద్ర తీరమున పుట్టి పెరిగినవాడును, పల్లెకారుల ఆచారములు క్షుణ్ణముగా తెలిసినవాడును అగుటచేత, ఇతనిని కృష్ణపట్నం బ్రాంచి ఆఫీసునకు నియమించడమైనది.'

నాకు వెంటనే దగ్గొచ్చింది. "సార్, నాకు... అక్కడ... నాకేమీ తెలియదు సార్!"

"తెలుసునని నువ్వే గదప్పా అంటివి" అన్నారాయన, అరచేతులు ఊదుకుంటూ.

అక్కడికి వెళ్ళిన మర్నాడు తెల్లారగానే తలుపు తట్టారు. వాకిట్లో పోలయ్య బావమరిది. "మైపాడు నించి మా బావ కబురు పంపినాడు. ఆచారం తెలిసిన సారంట గదా, రా, మనిషి తక్కువయినాడు!" అని నా చేతిలో తాడు పెట్టాడు. రెండేళ్ళు లాగాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, గంగమ్మ సాక్షిగా, ఉప్పు కొఠారు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. "తెలుసునా?" అని ఎవరు అడిగినా ఇక తెలియదనే చెబుతాను, తెలిసినా సరే. మా ఇంట్లో బావి తాడు కూడా, రెండో కొసన బక్కెట తప్ప మరేమీ లేదని వంగి చూసుకున్నాకే చెయ్యి వేస్తున్నాను.