అక్క డెస్క్‌టాప్ ఖాళీ అయిన రోజు

మా అక్క ఎల్లారెడ్డిలో ఇంటి ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పని చేస్తుంది. పువ్వులు, తీగలు కంప్యూటర్‌లో తనే గీసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాన్ని మిషన్‌కు పెడుతుంది. మిషన్ ఆ పువ్వును జాకెట్ మీద కుట్టేస్తుంది. బీడీలు చుట్టిన చేతులతో కుట్టుమిషన్ నేర్చుకుని, అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చింది. నేను కామారెడ్డిలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అయినా అక్కకు కంప్యూటర్ నేర్పింది నేను కాదు, బావ. దుబాయ్‌లో గోదాము పని చేసే బావ ఒకసారి సెలవుల మీద వచ్చినప్పుడు కంప్యూటర్ కొని, ఉన్నన్ని రోజులూ పక్కన కూర్చుని నేర్పి వెళ్లాడు.

ఆ పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, నా కంప్యూటర్ల ఏం లేవే. అన్నీ పోయినయ్."

"ఏమైందక్కా? నిమ్మలంగ చెప్పు."

"నిన్న పొద్దుమీకి బంద్ చేస్తుంటెనే కరెంటు వోయింది. ఇయ్యాల ఆన్ చేస్తే ఏందో ఇంగ్లిష్‌ల వచ్చింది. చెత్తబుట్ట బొమ్మ తప్ప ఏం లేదు. పెండ్లోళ్ల దుపట్టా పువ్వు గూడ పోయింది. గందుకే కూసోని మళ్ల కొత్తగ గీసిన. మౌస్ గూడ చెప్పినట్టు ఇంటలేదు. ఒకపారి బంద్ చేసి ఆన్ చేస్తా, బాగైతదేమో."

"బంద్ చెయ్యకు!" అని నేను అరిచినంత పని చేశాను. "ముందుగాల గా పువ్వును పెన్‌డ్రైవ్‌ల వెయ్యి. వేసినంక ఏదీ ముట్టకు. నేను వస్తున్న."

కాలేజీకి సెలవు చెప్పి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఏం జరిగిందో నాకు చాలావరకు అర్థమైంది. కంప్యూటర్‌లో మన పేరు మీద ఒక ఖాతా ఉంటుంది. దాన్నే యూజర్ ప్రొఫైల్ అంటారు. మన ఫైళ్లు, మనం మార్చుకున్న సెట్టింగులు అన్నీ దాని కిందే ఉంటాయి. ఆ ఖాతా చెడిపోతే కంప్యూటర్ దాన్ని తెరవలేక ఒక తాత్కాలిక ఖాతా ఇస్తుంది. అందులో ఏం దాచుకున్నా ఆపగానే తుడిచిపెట్టుకుపోతుంది. పాత ఫైళ్లు మాత్రం సాధారణంగా ఎక్కడివక్కడే ఉంటాయి. సాధారణంగా అన్న మాటే బస్సులో నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

నేను వెళ్లేసరికి అక్క కంప్యూటర్‌కు ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దుపట్టా ఆర్డరు ఇచ్చిన ఆమె కూడా వచ్చి ఉంది. అదే వీధిలో బట్టల దుకాణం వాళ్లది. బిడ్డ పెండ్లి.

"పరేషాన్ గాకు బిడ్డా," అంటోందామె అక్క భుజం మీద చెయ్యి వేసి. "పెండ్లి ఏమన్న రేపే ఉన్నదా? నువ్వు ముందు చాయ్ తాగు." అక్క ఇంట్లో అక్కకే చాయ్ పోసి ఇచ్చి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

నేను లోపలి డ్రైవ్ తెరిచి, అక్క పేరుతో ఉన్న పాత ఫోల్డర్ వెతికాను. ఉంది. తెరవడానికి అనుమతి అడిగింది, ఇచ్చాను. ఒక్కొక్కటే బయటపడ్డాయి: పెండ్లి జాకెట్లు, చిన్నపిల్లల లంగాలు, చీర అంచులు.

"ఇవి నావే!" అంది అక్క. తెరకు ఎంత దగ్గరగా వంగిందంటే ఆమె ఊపిరి నా చెంపకు తగిలింది.

మొదట అన్నింటినీ నేను తెచ్చిన హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. తర్వాత పాత ఖాతానే బాగుచేయాలని చూశాను. కుదరలేదు. సెట్టింగులను గుర్తుపెట్టుకునే ఫైలే పాడైంది. ఇక చేసేదేముంది, కొత్త ఖాతా తెరిచి ఫైళ్లన్నీ అందులోకి తెచ్చాను. దారాల రంగులు అక్క తనకు తగ్గట్టు కలిపి పెట్టుకుంది, అవి కూడా వచ్చాయి. గెలిచినట్టే అనిపించి కుర్చీ అక్కకు ఇచ్చాను.

అక్క కాసేపు అటూ ఇటూ చూసింది. ఒక ఫోల్డర్ తెరిచి మూసింది.

"ఏమైందక్కా? అన్నీ వచ్చినయ్ గదా?"

"వచ్చినయ్," అంది మెల్లగా. "గని ఇది నా కంప్యూటర్ లెక్క లేదే. మీ బావ పెట్టినవన్నీ పోయినయ్."

కళ్లు తుడుచుకోవడం నేను చూడకూడదని లేచి వంటగదిలోకి పోయింది.

దుబాయ్‌లో అన్నం తినే వేళకు బావ రోజూ వీడియో కాల్ చేస్తాడు. ఆ రోజూ చేశాడు. ఫోన్ నేనే ఎత్తి సంగతి చెప్పాను.

"ఫైళ్లు అన్నీ ఉన్నయా మరదలా?"

"ఉన్నయ్ బావా. సెట్టింగులే పోయినయ్."

"గంతేనా! ఫోన్ గోడకు ఆనిచ్చి పెట్టు. నేను చెప్తా." టిఫిన్ డబ్బా పక్కకు జరిపాడు. "అక్షరాలు పెద్దగ జెయ్యి. ఇంక పెద్దగ. మీ అక్కకు కండ్లజోడు పెట్టుకునుడు ఇష్టం ఉండది. పెండ్లి జాకెట్లు పైన మూలకు పెట్టు. దాని కింద చీర అంచులు. లంగాలయి నడుమ ఉండాలె, అవి ఎక్కువ తెరుస్తది. వెనుక బొమ్మ పెసర చేను ఫొటో, నేనే తీసిన, పంపిస్త ఆగు."

సముద్రం అవతల కూర్చుని, ఆ తెర మీద ఏది ఎక్కడుందో చూసి చదివినట్టు చెబుతున్నాడు. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మౌస్ మార్చినవా?" అని అడిగాడు.

"మౌస్‌కేమైంది బావా?"

"అరె, దానిది పుర్రచెయ్యి గదా! బటన్లు ఉల్టా పెట్టాలె."

నేను అక్క వైపు చూశాను. ఒకే ఇంట్లో పెరిగాం. బీడీ ఆకు ఎడమచేత్తో తిప్పితే అవ్వ చెయ్యి మీద కొట్టేది. ఆ ఎడమచేతి అలవాటు ఎప్పుడో పోయిందనుకున్నాను. నలుగురిలో అక్క అన్నీ కుడిచేత్తోనే చేసేది మరి.

"పెండ్లయిన కొత్తల ఎవ్వలు లేరనుకోని ఉల్లిగడ్డ ఎడమచేత్తోని కోస్తుండె," అన్నాడు బావ నవ్వుతూ. "నేను చూసిన. ఏమనలే. కంప్యూటర్ తెచ్చినంక మౌస్ మార్చి పెట్టిన."

"చాలు తియ్యి, అన్నం తిను," అంది అక్క గుమ్మంలోంచే. ముఖం మాత్రం వెలిగిపోయింది.

బటన్లు మార్చి, మౌస్ ఎడమపక్కన పెట్టాను. అక్క కూర్చుని పెన్‌డ్రైవ్‌లోంచి పొద్దున్న గీసిన పువ్వు తెరిచింది. రేకులు వంకరటింకరగా ఉన్నాయి. "ఛీ, ఇది నేనే గీసిన్నా?" అని దాన్ని పక్కనపెట్టి, పాతదాన్ని తెరిచి, దుపట్టా కొసలకు సరిపోయేలా తీగ సాగదీసింది. ఎడమచెయ్యి నీళ్లలో చేపలా కదిలింది. మిషన్ మొదలైంది.

సాయంత్రం దుకాణం ఆమె వచ్చేసరికి ఒక మూల పూర్తయింది. ఆమె దుపట్టాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "నా బిడ్డ ఏడుస్తది దీన్ని చూస్తే," అంది, తన కళ్లే ఒత్తుకుంటూ.

బస్సెక్కే ముందు హార్డ్ డిస్క్ అక్కకే ఇచ్చేశాను. ఆదివారం ఆదివారం అందులో కాపీ ఎలా వేసుకోవాలో చూపించాను. అంతకుముందు పండుగలకో, ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడో తప్ప మేం ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇప్పుడు ఆదివారం తప్పకుండా ఫోన్ వస్తుంది.

"కాపీ చేసిన చెల్లె," అంటుంది.

"మంచిది అక్కా," అంటాను.

ఆ తర్వాత ఏం వండిందో, బావ సెలవు ఎప్పుడు దొరుకుతుందో, ఎవరి జాకెట్‌కు ఏ నెమలి వేసిందో చెబుతూ ఉంటుంది. వింటూ నేను బట్టలు మడతపెట్టుకుంటాను.