బోరింగు మంటలో పోయిన నా చూపును తిరిగి ఇచ్చిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు! రెండు కళ్ళకూ కట్లతో, పగలేదో రాత్రేదో తెలియకుండా, తెనాలి ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులు పడి ఉన్న మనిషిని నేను. నా పేరు మరియమ్మ, పెనుమూడి దగ్గర పల్లె మాది, నాట్ల ముఠాకు మేస్త్రీని, నోరు కూడా మేస్త్రీ నోరే. అలాంటి నాకు ఆ రోజుల్లో ప్రార్థన చేయడానికి మొహం చెల్లలేదు. ఎందుకంటే నన్ను కాల్చిన మంటను దేవుని మంట అని ఊరంతా చాటింది నేనే.

తొంభైల మొదట్లో మా పొలాల మధ్యకు గ్యాస్ కోసం రిగ్గు దిగింది. లారీలు, మోత, దుమ్ము, ఇంటి గోడలు కూడా అదిరేవి. మా పల్లెలో తాగడానికి పనికొచ్చే నీళ్ళు చర్చి ముందున్న ఒక్క బోరింగువే, మిగతా చోట ఎక్కడ తవ్వినా ఉప్పే. ఆ ఏడు ఆ బోరింగు దగ్గర బుడగలు రావడం మొదలైంది. రిగ్గు వల్ల వచ్చాయో, భూమిలో ముందే ఉన్నాయో నేను చెప్పలేను, చదువుకున్నదాన్ని కాదు. ఒక సాయంత్రం మా ఆయన యోహాను చప్టా మీద కూర్చుని బీడీ ముట్టించేసరికి భగ్గుమని మంట లేచింది! ఆయనకు సగం మీసం పోయింది గాని ప్రాణానికేం కాలేదు. మంట మాత్రం ఆరకుండా తడి చప్టా మీద నీలంగా వెలుగుతూనే ఉంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మోషేకు దేవుడు కనిపించిన మండే పొద ఇదేనని కేక పెట్టి, చెప్పులు విప్పి, అందరి చేతా విప్పించాను! వారం తిరిగేసరికి కొల్లూరు లంకల నుంచి కూడా జనం కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు, వచ్చినవాళ్ళందరూ మంట సంగతి నన్నే అడిగేవారు, నేనూ పెద్ద ప్రవక్తలాగా చెప్పేదాన్ని. నీళ్ళకని బిందెలు తెచ్చిన ఆడవాళ్ళను కాలువకు తరిమాను, ఆ కాలువ నీళ్ళు తాగి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నా నాకు బుద్ధి రాలేదు. పైగా వానకు మంట ఆరకూడదని తాటాకు పందిరి వేయించి, నాలుగు పక్కలా చాపలు కట్టించాను.

రిగ్గు దగ్గరి ఇంజనీరు, చిన్నవాడు, వచ్చి చేతులు జోడించాడు. "పిన్నిగారూ, ఇది గ్యాసండి. పందిరి తీయించండి, గాలి ఆడనివ్వండి" అన్నాడు. నేను ఊరుకుంటానా! "దేవుడి అగ్నికి నీ దగ్గర లైసెన్సు తీసుకోవాలేంటి బాబూ?" అని అందరిముందూ కడిగేశాను. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఈదురుగాలికి మంట ఆరిపోయిందని తెలిసి, మిగతావాళ్ళు వచ్చేలోపు వెలిగిద్దామని నేనొక్కదాన్నే చాప ఎత్తి లోపలికి వెళ్ళి అగ్గిపుల్ల గీశాను. అంతే, సహోదరులారా! చాపల మధ్య నిండిన గ్యాసు భగ్గుమని, పందిరి పందిరంతా మంటై నా మీదికి వచ్చింది.

కళ్ళు వస్తాయో రావో చెప్పలేమన్నారు డాక్టర్లు. నా చూపు పోతే ముఠా ఏమవుతుంది, నేనేమవుతాను అని లోలోపల ఏడ్చాను. చివరికి ఒకరోజు నోరు తెరిచి, "ప్రభువా, నీ పేరు చెప్పి నన్ను నేనే పెద్ద చేసుకున్నాను, నువ్వు పంపిన మనిషిని తిట్టి పంపాను, నా కళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా నా పల్లెకు మాత్రం నీళ్ళు ఇవ్వు తండ్రీ" అని ప్రార్థించాను.

ఇక మా ఆడవాళ్ళ సంగతి వినండి, చెబుతుంటే నా గుండె ఉప్పొంగుతుంది! మా ముఠాలో ఒక కట్టుబాటు ఉంది, ఒకతె మంచాన పడితే ఆమె వంతు మునుం, అంటే ఆమె నాటాల్సిన వరస, మిగతావాళ్ళు పంచుకుని నాటుతారు. నా మునుం అలాగే నాటారు. అది చాలదన్నట్టు రోజుకొకతె చొప్పున రేపల్లె రైలెక్కి తెనాలి వచ్చి, నాకు గంజి పోసి, ఊరి కబురు చెప్పి వెళ్ళేవారు. ఆ కబుర్లలోనే విన్నాను, మా ముఠాలోని పదకొండు మందీ ఖాళీ బిందెలతో రిగ్గు గేటు ముందు కూర్చున్నారట. లోపలి అధికారులు పాస్టరుగారిని మాట్లాడటానికి రమ్మంటే, మా కోటేశ్వరమ్మ, చర్చి గడప తొక్కని మనిషి, "ఆయన ప్రార్థన చేస్తారండి, మాట్లాడేది మేమేనండి" అందట! నా దగ్గరికి వచ్చే వంతుది తప్ప మూడు రోజులు ఎవరూ కదల్లేదు. నేను తిట్టిన ఆ ఇంజనీరే వాళ్ళ పక్కన నిలబడి, బోరింగు మూయించి, గ్యాసు పైకి పోవడానికి గొట్టం వేయించి, ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పించాడు. ఆ గొట్టం దరిదాపుల్లో బీడీ గాని దీపం గాని వెలగకుండా ఇంటికొకరు వంతు కాపలా కాశారు, అందులో మొదటి వంతు మా ఆయనది. వింటూ కట్ల కిందే ఏడ్చాను, నా ప్రార్థన దేవుడు నేను లేకుండానే, నా వాళ్ళ చేత నెరవేర్చాడని!

పంతొమ్మిదో రోజు డాక్టరుగారు కట్లు విప్పారు. ముందు మసక, తరువాత వెలుగు. ఆయన నా మొహం ముందు చెయ్యి పెట్టి, "ఎన్ని వేళ్ళమ్మా?" అన్నారు. నేను ఆ వేళ్ళు చూడనే లేదు. ఆయన వెనక గుమ్మంలో కాళ్ళకు బురద ఆరకుండా నాట్లలోంచి నేరుగా రైలెక్కి వచ్చిన మా వాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ నిలబడి ఉన్నారు. "పదకొండు మందండి, డాక్టరుగారూ, ఒక్కరూ తగ్గలేదు" అన్నాను.

దేవునికే మహిమ! ఊరు వచ్చాక అందరిముందే ఆ ఇంజనీరును క్షమించమని అడిగాను. ప్రియులారా, మీ ఊళ్ళోకి ఏ రిగ్గు వచ్చినా, ఏ కష్టం వచ్చినా ప్రభువును నమ్మండి. ఆయన సహాయం మోకాళ్ళ దాకా బురదతో వచ్చినా గుర్తుపట్టండి. ఆమేన్.