పోలేరమ్మకు నోటీసు

వెంకటశేషమ్మ ఎవరి మాటకూ ఎదురు చెప్పి ఎరగదు. "అట్టాగేనన్నా" అని తల ఊపి, ఇంటికొచ్చి తనకు తోచిందే చేసుకునేది. కొడవలూరు పక్క ఆ పల్లెలో ఆమెను బాగా ఎరిగినవాళ్ళు ఆ తల ఊపును చూసి భయపడేవాళ్ళు.

మొగుడు పోయిన ఏడాదికి దొడ్లో వడ్ల మర పెట్టాలనుకుంది. ఎడ్లజత అమ్మి, ఆయిలింజను తెచ్చి రేకుల కొట్టంలో దింపించింది కూడా. ఇక మర ఆడకపోతే ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటేసుకుని అన్నగారి పంచన చేరాల్సిందే.

పంచాయతీ గుమాస్తా రంగనాయకులు రూలు చెప్పాడు. "నాలుగు పక్కల హద్దుదార్లకీ నోటీసులియ్యాలమ్మా. ఎవురూ కాదనకుంటేనే లైసెన్సు."

తూర్పింటి జయరామయ్య సరేనన్నాడు. పడమటింటి రాఘవమ్మకు వడ్లగంప నెత్తిన పెట్టుకుని కోవూరు దారి పట్టే బాధ తప్పుతుంది. వేలిముద్ర వేసి, "చాలా, ఇంకో వేలు కూడా వెయ్యమంటావా?" అంది. దక్షిణాన బాట. ఉత్తరాన మాత్రం పోలేరమ్మ గద్దె.

"అమ్మవారికి నోటీసు ఎట్టా ఇచ్చేది?" అని రంగనాయకులు తల పట్టుకున్నాడు.

గద్దె బాగోగులు చూసే పెద్దమనిషి పద్మనాభయ్య. కోవూరు దారిలో ఉన్న మర ఆయన బావమరిదిదే. "ఇంజను మోతకి అమ్మ అదిరిపోద్ది. ఒప్పుకోదు," అన్నాడు.

"అట్టాగేనన్నా," అంది వెంకటశేషమ్మ. "అమ్మ కాదంటే ఇంజను అమ్మేస్తా. ఆ మాటేదో అమ్మనే అడుగుదాం. శుక్రవారం పూలు పెట్టు."

విగ్రహం భుజాల మీద చెరొక పువ్వు పెడతారు. కుడిది ముందు రాలితే సరేనని, ఎడమది రాలితే వద్దని. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా అలాగే కుదిరేవి. పద్మనాభయ్య కాదనలేకపోయాడు.

శుక్రవారం పొద్దున్నే విగ్రహాన్ని కడిగి పసుపు పూయటం ఎప్పటినుంచో వెంకటశేషమ్మ పని. ఆ రోజూ పూసింది. పద్మనాభయ్య తన చేత్తో రెండు మందారాలు పెట్టి, గద్దె అంచున కూర్చున్నాడు. ఊరంతా చూస్తూ ఉంది. ఎండెక్కింది. పూలు కదల్లేదు.

"చూసినారా? పలకలేదంటే ఇష్టం లేనట్టే," అన్నాడాయన.

"అట్టాగేనన్నా. అయితే ఒకటి. అమ్మ ఇంజను మోత ఎన్నడన్నా వినిందా పాపం? వినకుండా ఎట్టా చెప్పుద్ది?"

రంగనాయకులుకు అది సబబుగా తోచింది. "నిజమే. నోటీసంటే సంగతి తెలియజెయ్యటమే గదయ్యా."

గోడవతల జయరామయ్య చక్రం తిప్పాడు. ఇంజను దగ్గి, పొగ కక్కి, డబడబమని అందుకుంది. గద్దె అదిరింది. గద్దె మీది పద్మనాభయ్యా అదిరాడు. కుడి మందారం రెండుసార్లు తల ఊపి, జారి, ఆయన ఒళ్ళోనే పడింది. ఎడమది బిగుసుకుని ఉండిపోయింది.

"నే చెప్పలా! మోతకి అమ్మ అదిరింది!" అని అరిచాడాయన.

"నవ్వాపుకోలేక అదిరింది లే అన్నా," అంది రాఘవమ్మ. జనం గొల్లుమన్నారు. రంగనాయకులు ఉత్తరపు హద్దుకు ఎదురుగా అభ్యంతరం లేదని రాసుకున్నాడు.

పొద్దుగూకేవేళ వెంకటశేషమ్మ ఒక్కతే చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎడమ భుజాన పసుపులో గంజి కలిపిన సంగతి ఆమెకూ అమ్మవారికీ తప్ప ఎవరికీ తెలియదు. మందారం ఊడిరావటానికి రెండు చెంబులు పట్టింది. కుడి భుజాన రాసిన నూనెను మాత్రం కొంగుతో ఇట్టే తుడిచేసింది.

"కోపం తెచ్చుకోబాకమ్మా. నువ్వు మాత్రం ఆ బిడ్డల్ని చూస్తా ఊరుకుంటావా? మొదట ఆడేది నీ పొంగళ్ళ బియ్యమే. సరేనా?"

అమ్మవారి తరఫున కూడా వెంకటశేషమ్మే తల ఊపింది.